రేకు కింది పూసలు

శనివారం మధ్యాహ్నం ఫౌస్తినో తలుపు గడియ వేసి, కిటికీ సందుల్లో గోనెగుడ్డలు కుక్కి, పొయ్యి రాజేశాడు. మంచుకొండ మీది ఆ గనుల ఊళ్ళో అందరూ అంతే. బంగారం కాల్చేటప్పుడు పరాయి కన్ను పడితే మరుసటి వారం దొరికేది ఉత్త రాయే.

వారమంతా రాయి దంచి, పాదరసంతో పిసికి తీసిన ఉండ గోలీకాయంత ఉంది. పెనం మీద పెట్టాడు. పాదరసం పోతుంది, బంగారం మిగులుతుంది. పదేళ్ళ వయసు నుంచీ అతనికి తెలిసిన చదువు అదొక్కటే.

పొయ్యి పక్క మంచంలో నాలుగేళ్ళ లిస్బెత్. రెండు నెలలుగా దాని చేతులు వణుకుతున్నాయి. చెంచా ఎత్తితే సూపు సగం గౌను మీదే. కొండగాలి సోకిందని తల్లి కసిల్దా రోజూ కోకా ఆకులు నూరి పట్టు వేస్తోంది.

"నాన్నా, చెల్లిని బయటికి తీసుకెళ్తా," అంది పెద్దది మారిబెల్.

"ఆ మంచులోకా? చంపుదామనా?"

"పాదరసం ఎక్కడికీ పోదు నాన్నా. ఆవిరై పైకి లేస్తుంది, చల్లటిది తగిలితే మళ్ళీ పాదరసమే. పీలిస్తే విషమట. సైన్సు టీచరు నీళ్ళు కాచి చూపించింది."

"నీళ్ళేగా కాచింది! సూపు చేసిందేమో కనుక్కో." ఫౌస్తినో నవ్వాడు. "పొగ లేదు, వాసన లేదు, ఇంక విషమెక్కడిదే? నేను మూడో తరగతిలో బడి మానేశా. నీకు తిండి పెడుతున్నది ఆ మూడో తరగతే. సోమవారం నుంచి నీకూ బడి బంద్. అమ్మతో వెళ్ళి గని బయట పారేసిన రాళ్ళేరు."

"తండ్రీకూతుళ్ళు ఒకటే మొండి," గొణిగింది కసిల్దా.

మారిబెల్ మంచునీళ్ళ బకెట్‌లోంచి సత్తుమూత తీసి, తుడిచి, మొహం పక్కకు తిప్పుకుని పెనం పైన పట్టింది. కాసేపటికి తిరగేసి చూపింది. మూతంతా బూడిదరంగు పొర. వేలితో రాస్తే పొర చిట్లి వెండి పూసలయింది.

ఫౌస్తినో నవ్వు ఆగిపోయింది. తలెత్తాడు. పైన ఇంటికప్పు రేకు. దాని మీద ఏడాది పొడుగునా మంచే. ముక్కాలిపీట ఎక్కి, మంచానికి సరిగ్గా పైన అరచేత్తో తుడిచాడు. పూసలు టపటపా దుప్పటి మీద రాలాయి.

లిస్బెత్ చప్పట్లు కొట్టబోయింది. చేతులు ఒకదానికొకటి అందలేదు.

"నా దగ్గర బోలెడున్నాయి నాన్నా!" అంటూ దిండు కిందినుంచి అగ్గిపెట్టె లాగింది. తెరిచేసరికి అందులోవి దాని ఒళ్ళోకి దొర్లాయి.

సోమవారం ఫౌస్తినో బడికి వెళ్ళాడు. ఒక చేత్తో మారిబెల్‌ని పట్టుకుని, చంకలో లిస్బెత్‌ని ఎత్తుకుని. తరగతి గుమ్మంలో టోపీ తీశాడు.

"అమ్మా, పాదరసం ఎలా లేస్తుందో చెప్పారట. ఒంట్లోకి పోయినదాన్ని వెనక్కి తీసే పాఠం ఏ తరగతిలో ఉంది? మూడో తరగతి దాటాకేనా?"

టీచరు లిస్బెత్ చేతుల వైపు చూసింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పట్నం ఆసుపత్రికి బస్సు ఎన్నింటికో చెప్పింది.