చేపల కాగితం, రెండో వైపు

ఆదివారం పదకొండయ్యేసరికి మేడ మీద మూకుడులో నూనె చుయ్యిమనేది. ఆ చప్పుడుకి కింద నా ఒళ్ళూ చుయ్యిమనేది.

మేడ మీద ఉండేది నా తోడికోడలు. మా అమ్మాయికి పిన్ని. అమ్మాయి కాపురం పక్క వీధిలోనే. కడుపుతో ఉంది, ఐదో నెల. నేనేం వండినా ముక్కు మూసుకునే పిల్ల, ఆదివారం వస్తే నా గుమ్మం ముందు చెప్పులు విప్పి, తిన్నగా మేడ మెట్లెక్కి, పిన్ని చేసిన చేపల కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకునేది. దిగొచ్చేటప్పుడు "అమ్మా, కాసిని మంచినీళ్ళివ్వవే" అనేది. కన్నందుకు నా వాటా గ్లాసెడు నీళ్ళు.

ఆసుపత్రికి తోడు వెళ్ళినప్పుడు నర్సు ఓ కాగితం నా చేతిలో పెట్టింది, అమ్మాయికి చూపించమని. ముందువైపంతా ముప్పు: సొర లాంటి పెద్ద చేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, కడుపులో బిడ్డ మెదడుకి చేటు. వెనకవైపంతా మేలు: చిన్న చేపల్లో పాదరసం బాగా తక్కువ, వాటిలోని కొవ్వు ఆ మెదడుకే మంచిది, వారానికి రెండుసార్లు తినండి. డిగ్రీ చదివినదాన్ని, రెండు వైపులా శ్రద్ధగా చదివాను. చదివాకే వెనకవైపు జిగురు పూసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. అయస్కాంతం పెడితే ఎవరో ఒకరు తిప్పి చూస్తారు.

అమ్మాయి చూసింది. చేయి పొట్ట మీదికి వెళ్ళింది.

"అమ్మో! పిన్నికిది తెలీదా?"

"దానికేం తెలుసే పాపం. ప్రేమ కొద్దీ పెడుతోంది." ఆ 'పాపం'లో పంచదార నేనే కలిపాను.

మూడు ఆదివారాలు అమ్మాయి మేడ ఎక్కలేదు. నా వంటింట్లోనే కూర్చుని, నా కూరని కంచంలో ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతూ తిన్నాననిపించింది. గెలిచింది నేనే కాబట్టి ఆ జరపడం నాకు కనిపించలేదు.

నాలుగో వారం నర్సు బరువు చూసి మొహం చిట్లించింది. "పెరగాల్సింది పోయి కిలో తగ్గావు. ఇలాగైతే బిడ్డ ఎదుగుతుందా? సరిగ్గా తినడం లేదా?"

"ఏదీ సయించట్లేదండీ. సయించేది తినకూడదు కదా" అంది మా పిల్ల.

నేను తేలు కుట్టిన దొంగలా ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే.

ఇంటికొచ్చి, పిల్లని ముందుగదిలో పడుకోబెట్టానో లేదో, తోడికోడలు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, పిల్ల నా మీద అలిగిందా? నెలరోజులై పైకి రావడం లేదు."

"అలకేం లేదు చెల్లీ. పాదరసం..."

"అది పెద్ద చేపల్లో కదక్కా! నెల తప్పిందని తెలిసిన రోజే వాటిని మానేశాను. నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలే వండుతున్నాను." గిన్నె మూత తీసింది. వేలెడంత చేపలు. "ఇవి బాగుచేసేసరికి నా తాతలు దిగొస్తున్నారు."

ఆమె వేళ్ళ చివర్లు చూశాను. ముళ్ళు గుచ్చుకుని సూదుల దిండులా ఉన్నాయి. నా వేళ్ళకి ఎండిన జిగురు తప్ప ఏమీ అంటలేదు.

ఇక తప్పదని చాకు తీసుకుని ఫ్రిజ్ మీది కాగితం గీకాను. ముప్పు చక్కగా ఊడొచ్చింది. మేలంతా తలుపుకే పట్టుకుంది, అక్షరాలు తిరగబడి. ఆ గీకుడికి అమ్మాయి లేచి వచ్చింది.

"వెనకాల కూడా రాసుందా? నువ్వు చదివావా అమ్మా?"

"చదివాను. చిన్న చేపలు తినమనే ఉంది."

"మరెందుకే దాచావు?"

"నువ్వు పైనే తింటున్నావని" అన్నాను. ఇంకో కారణం వెతికాను కానీ దొరకలేదు.

అమ్మాయి నన్ను చూసింది, గిన్నెని చూసింది. కోపం మాట తర్వాత చూసుకుందామన్నట్టు కంచం తెచ్చుకుని కూర్చుంది. మూడోసారి అన్నం నేనే వడ్డించాను.

మరుసటి ఆదివారం పొద్దున్నే కత్తిపీటతో మేడ ఎక్కాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నెత్తళ్ళ తలలు తీశాం. రెండు ముళ్ళు గుచ్చుకుంటే నాలుగు గుచ్చుకున్నట్టు అరిచాను.

"ఇవాళ ఇంకా బాగుంది పిన్నీ!" అంది అమ్మాయి మొదటి ముద్దకే.

నేను గోడ వైపు చూశాను.

"బాగుండదూ మరి? సగం మీ అమ్మే బాగుచేసింది" అంది తోడికోడలు.

నిజానికి నేను చేసింది పావు వంతు. ఆమెకీ తెలుసు. ఇంత మంచిదాన్ని చూసి కుళ్ళుకోకుండా ఎలా ఉండమంటారు?