ఫ్లాపీ వేషం వేసిన సీడీ

కొత్తపేటలో గంగాధరరావుగారి ప్రెస్సు అంటే పెద్ద పెద్ద యంత్రాలేమీ ఉండవు. వీధి అరుగు వెనక ఒక గది, గదిలో ఓ పాత కంప్యూటరు, దాని పక్కన ప్రింటరు, గోడనిండా శుభలేఖల నమూనాలు. అంతే. అయినా ఆ చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా, అన్నప్రాశన అయినా, పెద్దకర్మ అయినా కార్డు అక్కడ పుట్టవలసిందే. ఆ కంప్యూటర్లో ఉన్న తెలుగు అక్షరాలు ఇంకెక్కడా దొరకవు. గుండ్రంగా, నిండుగా, తలకట్లు పాపిడి తీసి దువ్వినట్టుగా ఉంటాయి. "మా పెద్దమ్మాయికి వేసిన అక్షరాలే చిన్నదానిక్కూడా వెయ్యండి" అని అడిగి మరీ వేయించుకుంటారు.

ఆ అక్షరాలకు ఒక తాళం ఉంది. వేలెడంత ముక్క. కంప్యూటరు వీపున పాతకాలపు సాకెట్టులో గుచ్చి ఉంటుంది. అది ఉంటేనే అక్షరాలు తెరమీదికి వస్తాయి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ సాకెట్టు లేదు, అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ పెట్టె ఉన్నన్నాళ్ళే ప్రెస్సు. గంగాధరరావుగారు ఆ మాట కడుపులో దాచుకోలేదు.

"ఈ వయసులో ఇంకోటి నేర్చుకునే ఓపిక నాకు లేదమ్మా. ఇది పోతే తలుపులు వేసేస్తాను" అనేశారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ కాంతానికి అన్నం సయించడం లేదు.

ఆ కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు కూర్చేది ఆవిడ మేనకోడలు సత్యదుర్గ. తమ్ముడి కూతురు. పెళ్ళి వద్దనుకున్న మనిషి. ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. కాంతం కూడా రోజూ ప్రెస్సుకు వచ్చి ప్రూఫులు దిద్దుతుంది. ఆవిడ బడి గుమ్మం ఎక్కలేదు. పప్పూ ఉప్పూ కట్టిన పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని, చదవడం తనంతట తనే నేర్చుకుంది. ఇప్పుడు వరుడి పేరులో ఒత్తు తప్పిపోతే ముందు కనిపెట్టేది ఆవిడే.

ప్రెస్సు మూస్తే సత్యదుర్గ కువైట్ వెళ్ళిపోతుంది. రాజోలులో ఏజెంటుకు పాస్‌పోర్టు కూడా ఇచ్చేసింది. అవునో కాదో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నాడు అతను.

కాంతం చాలామందిని సాగనంపింది. మొగుణ్ణి బహ్రెయిన్‌కి, తమ్ముణ్ణి మస్కట్‌కి, పక్కింటి కుసుమని దుబాయికి. అందర్నీ జొన్నాడ దాకా వెళ్ళి హైవే మీద హైదరాబాదు బస్సు ఎక్కించింది. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. తిరిగొచ్చినవాళ్ళు కూడా వెళ్ళినవాళ్ళలా రాలేదు. బస్సు కదిలాక వెనకాల ఎర్రదీపాలు చిన్నవైపోవడం ఆవిడకు ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది.

ఇంతకీ పెట్టెకు వచ్చిన జబ్బేమిటంటే, లోపల అక్షరాలూ కార్డులూ దాచుకున్న డిస్కు అరిగిపోయింది. తాటాకు మీద గోరు గీసినట్టు చప్పుడు చేస్తోంది. ఇవాళో రేపో అన్నట్టుంది. అమలాపురంలో రిపేరు షాపు ప్రభాకరరావు మరో డిస్కు వెతికి తెచ్చాడు గానీ, అది పాతదానికన్నా చాలా పెద్దది. దాన్ని తగిలించగానే పెట్టె మొదటి తెర దగ్గరే కొయ్యబారిపోయేది.

"దీని బయోస్ మార్చాలి అత్తా" అంది సత్యదుర్గ.

"అదేమిటే?"

"పొద్దున కళ్ళు తెరవగానే కాళ్ళెక్కడున్నాయో, చేతులెక్కడున్నాయో మనకి తెలుస్తుంది చూడు. దీనికి ఆ తెలివిచ్చే ముక్క అన్నమాట. ఇది పుట్టినప్పుడు ఇంత పెద్ద డిస్కులు లేవు, అందుకని లెక్కపెట్టలేక ఆగిపోతోంది. పాత తెలివి చెరిపేసి కొత్తది రాయాలి."

"రాసెయ్యి మరి."

"ఫ్లాపీలో పెట్టి ఇమ్మంటోంది."

ఫ్లాపీ డ్రైవు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఎన్నో ఏళ్ళయింది. మండపేటలో ఓ రైసుమిల్లు గుమాస్తా అట్టపెట్టెడు ఫ్లాపీలు ఇచ్చాడు, డ్రైవు మాత్రం లేదన్నాడు. తాంబూలాలున్నాయి, పెళ్ళికొడుకు లేడు అన్నట్టయింది వ్యవహారం. పెన్‌డ్రైవు పెడితే పెట్టె దానివంక కన్నెత్తి చూడలేదు.

చివరికి సత్యదుర్గ ఫోనులో వెతగ్గా వెతగ్గా, ఎక్కడో ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టిన ఉపాయం దొరికింది. ఫ్లాపీలో ఏముండాలో అదంతా అచ్చంగా ఒక సీడీ మొదట్లో ఎక్కిస్తే, పెట్టె లేవగానే ఆ సీడీని చూసి ఫ్లాపీయే అనుకుంటుందట. ప్రభాకరరావు షాపులో ఆ సీడీ చేయించుకుని వచ్చింది.

"భామాకలాపంలో మగాడు సత్యభామ వేషం కట్టినట్టన్నమాట" అన్నారు గంగాధరరావుగారు.

"వేషం సంగతి సరేనండి, తెలివి చెరిపాక, కొత్తది రాసేలోపు కరెంటు పోతే?" అని అడిగింది కాంతం.

సత్యదుర్గ కింద ఉన్న యూపీఎస్ చూపించింది. "అప్పుడింక లేవదు. యూపీఎస్ బ్యాటరీ ఉబ్బిపోయింది. ప్రభాకరరావుగారు వేరేది వచ్చే వారం తెస్తానన్నారు. ఈ డిస్కు అప్పటిదాకా ఆగేట్టు లేదు."

కాంతం వెంటనే లైన్‌మన్ వీరవెంకటరమణకు ఫోను చేసింది. "బాబూ రమణా, ఇవాళ పొద్దున్న పూట మా వీధిలో కరెంటు తియ్యకు నాయనా. నీకు పుణ్యముంటుంది."

"ఆయ్, మీరు చెప్పాక తీస్తానా పిన్నిగారూ. నేను చూసుకుంటానండి" అన్నాడు రమణ.

ఆ చూసుకోవడమే కొంప ముంచబోయింది.

సత్యదుర్గ సీడీ పెట్టి పెట్టె ఆన్ చేసింది. అది గుర్రుమని తిరిగి, నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. "నమ్మింది అత్తా" అంది నెమ్మదిగా. దేవుడికి దణ్ణం పెట్టుకుని, మీట నొక్కింది. తెరమీద ఒక గీత చీమలబారులా కదలడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే అరుగు మీద అలికిడి అయింది. కాంతం బయటికి వెళ్ళింది. వీరవెంకటరమణ పొడుగాటి దోటి గోడకు ఆనించి, చెప్పులు విప్పుతున్నాడు.

"పిన్నిగారండీ, మీరు ఫోను చేసేరని ఈ వీధి లైనంతా చూసుకుంటూ వచ్చేను. అదిగో, మీ గుమ్మం ఎదురుగానే ఉంది చూడండి." పక్క దొడ్లోని కొబ్బరిచెట్టు నుంచి ఎండుమట్ట ఒకటి జారి, కరెంటు తీగమీద వేలాడుతోంది. "గాలొస్తే ఇది రెండో తీగ మీద కూడా పడుద్ది, టప్‌మని పోద్ది. సబ్‌స్టేషన్లో చెప్పేసేను. స్విచ్చి దించి లాగేస్తాను. ఎంతసేపండీ, ఇలా దించి అలా ఎక్కించేస్తాను."

కాంతం గబగబా మెట్టు దిగింది. "ఇప్పుడు వద్దు బాబూ. లోపల పని జరుగుతోంది. కాస్సేపాగు."

"ఆగితే ఎలాగండీ? గాలి లేస్తోంది. నేను పలివెల కూడా వెళ్ళాలి. మీకోసమని ముందిక్కడికొచ్చేను." అంటూనే వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు వైపు చూశాడు. మంచి మనిషి. చేసిన సాయం ఆలస్యం కాకూడదనే తొందర అతనిది.

లోపల గీత ఎంతదాకా వచ్చిందో తెలియదు. బ్రతిమాలితే ఆగేట్టు లేడు. ఏం చెయ్యాలో కాంతానికి ఆలోచన కాదు, అలవాటు చెప్పింది.

"పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"లేదండి, టీ తాగేను."

"ఖాళీ కడుపుతో తీగల దగ్గరికెళతావా? కూర్చో." ఇంకో మాట అనేలోపు అరుగు మీద చాప పరిచింది, అరిటాకు వేసింది, నీళ్ళు చల్లింది. సత్యదుర్గకనీ తనకనీ తెచ్చిన క్యారేజీ విప్పి, పనసాకు బుట్టల్లో ఇడ్లీలా ఉడికిన పొట్టిక్కలు రెండు వేసి, కొబ్బరిచట్నీ పక్కన పెట్టింది.

ఆకు వేశాక కూర్చోనంటే అన్నాన్ని కాదన్నట్టు. కూర్చున్నాక మధ్యలో లేస్తే అంతకన్నా తప్పు. ఆ సంగతి రమణకూ తెలుసు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

కానీ లైన్‌మన్ తిండి లైన్‌మన్ తిండే. రెండు పొట్టిక్కలూ రెండు ముద్దల్లో అయిపోయాయి. కాంతం ఇంకోటి వేసింది.

"చాలండి."

"చాలనకూడదు. మీ అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉంది?"

"ఉందండి, అలాగే ఉంది."

"ఆవిడ చట్నీలో ఏం వేస్తుందయ్యా, ఆ రుచి నాకెప్పుడూ రాదు."

రమణ చట్నీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఒక్క ముక్క వినలేదు. పైన మట్ట ఒక్కసారి ఊగింది. ఆవిడ ప్రాణం కూడా దానితో పాటు ఊగింది. క్యారేజీ ఖాళీ అయింది. రమణ ఆకు మడవబోతున్నాడు.

"పెరుగన్నం లేకుండా లేస్తారా ఎవరైనా" అంటూ కాంతం గుమ్మం పక్కన ఉన్న స్టీలుగిన్నె అందుకుంది.

అరుగు చివర కుర్చీలో కూర్చుని చూస్తున్న గంగాధరరావుగారు గొంతు సవరించుకున్నారు. "కాంతంగారూ, అది నా మధ్యాహ్న భోజనమండీ."

"మీకు సాయంత్రం వేడిగా వండి పెడతానండి."

"ఆవకాయ కూడా వేసెయ్యండి మరి. దాన్నొక్కదాన్నీ వదలడమెందుకు."

రమణ సిగ్గుపడుతూ, నవ్వుతూ, పెరుగన్నం కలుపుకున్నాడు. సగం తిన్నాడో లేదో సత్యదుర్గ గుమ్మంలోకి వచ్చింది. మొహమంతా చెమట.

"రాయడం అయిపోయిందంది. ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యమంది. ఆపేను."

"లేచిందా?" అన్నారు గంగాధరరావుగారు.

"ఇంకా ఆన్ చెయ్యలేదండి, భయమేసి ఇటొచ్చేను."

"అయితే అమ్మా," అన్నాడు రమణ, ఆకు మడిచి లేస్తూ, "ఇప్పుడు తియ్యొచ్చా? ఆ మట్ట ఆగేలా లేదు."

సత్యదుర్గ తలూపింది. అతను వెళ్ళి స్విచ్చి దించాడు. గదిలో ఫాను నెమ్మదించి ఆగిపోయింది. వీధిలో దోటి తీగల మీద గీరుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

అత్తా కోడలూ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు.

"లేవకపోతే వెళతాను అత్తా" అంది సత్యదుర్గ. "ఏడుస్తూ పంపకు."

"నేను జొన్నాడ రాను."

"నువ్వు రాకపోతే నన్నెవరు ఎక్కిస్తారు?"

"ఎక్కించేవాళ్ళు లేకపోతే ఎక్కవుగా."

సత్యదుర్గ నవ్వింది. నవ్వి, ఆవిడ పైటకొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు ఒంటరిగా పడుకుంటే భయం. ఎదురింటి తులసిని తోడు పడుకోమని చెప్పేను."

అంటే వెళ్ళడానికి ఇంటిపనులు కూడా సర్దిపెట్టుకుంటోందన్నమాట. ఆ మాట కాంతానికి గుండెలో ముల్లులా దిగింది. ఏడవలేదు. కోడలి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ చివర్లు మీటలు నొక్కీ నొక్కీ గట్టిపడ్డాయి. ఈ చేతులు ఎవరింట్లోనో గిన్నెలు తోముతాయా అనుకుంది. అనుకుంది గానీ పైకి అనలేదు. అంటే వెళ్ళేదానికి బరువు.

ఫాను కదిలింది.

ముగ్గురూ గదిలోకి వెళ్ళారు. సత్యదుర్గ మీట నొక్కి చెయ్యి వెనక్కి తీసుకుంది. తెర నల్లగానే ఉంది. ఇంకా నల్లగానే ఉంది. కాంతం కళ్ళు మూసుకుంది. అంతలో కుయ్‌మని చిన్న కూత వినిపించింది, అప్పుడే పుట్టిన కోడిపిల్ల కూసినట్టు.

"డిస్కు కనిపించింది బాబాయిగారండీ" అంది సత్యదుర్గ. "ఎంతుందో కూడా సరిగ్గా చెప్పింది."

గంగాధరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాతదాంట్లోంచి ముందు అక్షరాలు ఎక్కించెయ్యమ్మా. కార్డుల సంగతి తరవాత."

మధ్యాహ్నమంతా పాత డిస్కు గోరు గీస్తూనే ఉంది, కొత్తది నింపుకుంటూనే ఉంది. సాయంత్రానికి అక్షరాలన్నీ తలకట్లతో సహా దిగాయి. అప్పుడు సత్యదుర్గ అరుగు మీదికి వచ్చి ఏజెంటుకు ఫోను చేసింది. రావడం లేదని చెప్పింది. అతను ఏదో గొణిగాడు. "ఆయ్, ఆయ్, తప్పుగా అనుకోకండి" అని పెట్టేసింది.

"ఎల్లుండి రాజోలు వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చేసుకుంటాను అత్తా."

"ఎల్లుండెందుకు? రేపే వెళదాం."

సత్యదుర్గ ఆశ్చర్యంగా చూసింది. "రేపు మంగళవారం. మంగళవారం నువ్వు నన్ను వీధి మలుపు కూడా దాటనివ్వవు కదా."

"వెళ్ళడానికి పట్టింపు గానీ, తెచ్చుకోవడానికేమిటే?" అంది కాంతం. ఖాళీ క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, "మొదటి బస్సుకే వెళదాం. కిటికీ పక్కన నేను కూర్చుంటాను" అంది.