అక్క కొలత

నేను ఒక బొమ్మను. కాగితపు గుజ్జుతో ఒళ్లు చేసి, మీద కోరాగుడ్డ అతికించి, కింద ఇనుపకాలొకటి బిగించారు. చేతుల్లేవు, తల లేదు. పెళ్లిబట్టల కొట్టులో తలతో పనేముందనుకున్నారేమో. తలలున్నవాళ్లు కూడా అద్దం ముందు మెడ కిందే చూసుకుంటారు.

విజయవాడలో ఒక రెడీమేడ్ షాపు మూతపడితే, గుంటూరు యేసోబు మేస్త్రి నన్ను కొనుక్కున్నాడు. ఆయన చర్చి పెళ్లిళ్లకు తెల్లగౌన్లు కుడతాడు. నా ఒళ్లు పెళ్లికూతురి కొలతకు వచ్చేదాకా దూది చుట్టి, గుడ్డపీలికలతో బిగించి, దానిమీద గౌను నిలబెడతాడు. పెళ్లయ్యాక దూది విప్పేస్తాడు. అలా ఎందరో అమ్మాయిలనయ్యాను. ఎవరూ నాలో మిగల్లేదు.

ఒకరోజు కెజియా అనే అమ్మాయి తల్లి రూతమ్మతో వచ్చింది. ఆల్బమ్ తిప్పి ఒక ఫొటో మీద వేలు పెట్టింది. మోకాళ్ల దాకా ఒంటికి అతుక్కుని, అక్కణ్ణుంచి చేపతోకలా విచ్చుకునే గౌను.

“చేప కట్టా? నువ్వెళ్లేది పెళ్లికా, పులుసులోకా?” అంది రూతమ్మ.

“నువ్వు చెప్పే గంపగౌనులో నాతోపాటు నాన్న కూడా పడతాడు.”

“నవ్వు నవ్వు. పాస్టరుగారు ఆశీర్వదించేప్పుడు మోకరించాలి. అందులో మోకాళ్లెట్టా వంగుతాయే?”

“వంగుతాయిలే. వేసుకుంటే ఇదే వేసుకుంటా.”

తల్లి గౌనుకు తలూపింది, టేపు కొలతకు మాత్రం ఒప్పుకోలేదు. “టేపు నేన్నమ్మను మేస్త్రీ, పైకి ఆది ఇస్తా” అని, సాయంత్రం పెట్టెలోంచి ఆది జాకెట్టు తెచ్చింది. కొత్తది సరిపోవడానికి నమూనాగా ఇచ్చే పాత జాకెట్టు అది.

మేస్త్రి దాని ప్రకారం దూది చుట్టాడు. ఎడమ భుజం కాస్త దిగింది. ఆఖరి పీలిక ముడి పడగానే నా లోపల ఏదో సర్దుకుని కూర్చుంది. ఎన్నడూ లేంది, నా ఒళ్లు వెచ్చబడింది. రొమ్ము దగ్గర గుచ్చిన గుండుసూదులు మెల్లగా పైకి లేచి, మళ్లీ దిగేవి. మేస్త్రి ఫ్యాను కట్టేసి చూశాడు. అయినా లేచాయి. రోజు రోజుకీ గౌను నామీద బిగుస్తూ వచ్చింది, వేసుకున్నదెవరో విప్పనన్నట్టు.

కొలత చూసుకునే రోజు కెజియా దాన్ని వేసుకుంది. అతికినట్టుంది, ఎడమ భుజం తప్ప. అక్కడ గుడ్డ జారింది.

“ఇదేంటి మేస్త్రీ, నా భుజాలు సమంగానే ఉన్నాయిగా?”

రూతమ్మ నావైపు తిరిగింది. నా మీది గౌను కెజియా వేసుకుంది కదా, ఒట్టి దూదితో నిలబడ్డ నన్ను చూసింది. దగ్గరికొచ్చి నా దిగిన భుజం మీద చెయ్యి వేసింది.

“తబిత” అంది. “ఇది తబిత భుజం. జాకెట్టు మారిపోయింది మేస్త్రీ. ఇది పెద్దదానిది.”

తబిత కెజియా అక్క. పెళ్లి కుదిరాక జ్వరంతో పోయింది.

“తియ్యవే అది” అని తల్లి కెజియా గౌను పట్టుకుంది.

“అక్కదైతే ఏం? మోకాళ్లు వంగుతాయి చూడు” అని కెజియా మోకరించబోయింది. మోకాళ్లు వంగలేదు. గౌను ఇంకా బిగిసింది. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి, ఊపిరి ఆడలేదు. మేస్త్రి వెనక హుక్కులు లాగాడు, రాలేదు.

అప్పుడు రూతమ్మ నన్ను వాటేసుకుంది. “వదులమ్మా” అంది, చిన్నపిల్లతో అన్నట్టు. “చెల్లి పెళ్లికెళ్లాలి. వదులు నాయనా.”

గౌను పక్క కుట్టు కింది నుంచి మోకాలి పైదాకా ఒక్కొక్క పోగే విడిపోయింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. కెజియా మోకాళ్లు నేలకు ఆనాయి. నా ఒళ్లు చల్లబడింది.

మేస్త్రి ఆ చీలికలో మడతలగుడ్డ వేసి కుట్టాడు. కెజియా ఆ గౌనులోనే మోకరించి ఆశీర్వాదం తీసుకుందట.

నా దూది విప్పేశారు. పొద్దున్నే మేస్త్రి కొట్టు తెరిచి, మట్టిలోకి ఊపిరి ఊది మనిషిని చేసిన దేవుణ్ణి స్తుతిస్తాడు. ఆ దేవుడు ఒక అమ్మ కోసం కాసేపు దూదిలోకి ఊదడా? అడుగుదామంటే నాకు నోరు లేదు. నోరున్న మేస్త్రి ఆ సంగతే ఎత్తడు.