ఆదివారం దాకా గవర్నరు

మా నాన్న పార్థసారథి రెండుసార్లు ఎమ్మెల్యే, ఒకసారి మంత్రి. మూడోసారి చిత్తుగా ఓడిపోతే పార్టీ పెద్దలు జాలిపడి పొరుగు రాష్ట్రానికి గవర్నర్ని చేశారు. 2004 వేసవిలో సెలవు పెట్టి, బ్రిటన్‌లో, కార్డిఫ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందే ఢిల్లీలో ప్రభుత్వం మారింది.

మా ఆయన భానుప్రకాష్ ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆదివారం కమ్యూనిటీ హాల్లో నాన్నకు సన్మానం పెట్టాడు. 'గౌరవనీయ గవర్నరు గారు' అని బ్యానరు కూడా వేయించాడు. లీడ్స్ నుంచి, కోవెంట్రీ నుంచి జనం వస్తున్నారని వారంగా నా బుర్ర తింటున్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఢిల్లీ నుంచి ఫోను. మర్యాదగా మీరే రాజీనామా పంపండి, లేకపోతే సోమవారం మేమే తీసేస్తాం అన్నారు.

"ఆదివారం దాకా ఓపిక పట్టండి మామయ్యగారూ. సోమవారం పొద్దున్నే మా ఆఫీసులోంచి ఫ్యాక్స్ కొట్టేద్దాం. అప్పటిదాకా మీరు గవర్నరేగా" అన్నాడు భాను.

నాకు ఒళ్ళు మండింది. "ఆయన పరువు కంటే మీ బ్యానరు ఎక్కువైపోయిందా?" అన్నాను.

నాన్న కోప్పడలేదు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కూర్చున్నారు.

"పాండురంగం గుర్తున్నాడా అమ్మా?" అన్నారు చివరికి.

గుర్తులేకేం. నాన్న గవర్నరుగా వెళ్ళిన కొత్తలో అక్కడ ముఖ్యమంత్రి ఆయనే. సరిహద్దు జిల్లా మనిషి, తెలుగు మనలాగే మాట్లాడేవాడు. సొంత ఎమ్మెల్యేలే ప్లేటు ఫిరాయించడంతో మెజారిటీ పోయింది.

"అప్పుడూ శుక్రవారమే, పిలిచి రాజీనామా అడిగాను. 'ఆదివారం మా అమ్మాయి పెళ్ళండీ, ముఖ్యమంత్రిగా కన్యాదానం చేసుకుంటాను, సోమవారం నేనే వచ్చి ఇస్తాను' అని నా చేతులు పట్టుకున్నాడు. రూలు రూలే అన్నాను. అలాంటి రూలేం లేదమ్మా. రెండు రోజులు ఆగితే కొంప మునిగేదీ కాదు. పదవి కొత్త. నా మాట చెల్లుతుందో లేదో చూసుకోవాలనిపించింది, అంతే."

నాన్న నోట ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఆయన మీద కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి.

"అతనికివ్వని రెండు రోజులు నేనెలా తీసుకుంటాను అల్లుడుగారూ?" అన్నారు.

భాను మొహం మాడిపోయింది. అయినా కారు తాళాలు తీసుకుని లేచాడు. మధ్యాహ్నానికల్లా ఫ్యాక్స్ వెళ్ళిపోయింది, నాన్న మాజీ అయిపోయారు.

ఇంటికి రాగానే పాండురంగం గారికి ఫోన్ కలపమన్నారు. నంబరు ఆయనకు నోటికి వచ్చు. నాన్నకు చెవులు సరిగ్గా వినబడవని స్పీకర్లో పెట్టాను.

"నేనండీ, పార్థసారథిని. ఇందాకే రాజీనామా పంపేశాను. ఆ రోజు మీకు రెండు రోజులు ఇవ్వాల్సింది. తప్పు నాదే" అన్నారు నాన్న.

"అయ్యో, అదింకా మనసులో పెట్టుకున్నారా! పెళ్ళి బ్రహ్మాండంగా జరిగిందండీ. పదవి పోయిందని ఎవరూ రావడం మానలేదు" అన్నాడు పాండురంగం. తర్వాత గొంతు తగ్గింది. "శుభలేఖ మీకూ పంపాను. ముహూర్తం దాకా మీ కారు కోసం చూస్తూనే ఉన్నాను. మీరొక్కరే రాలేదు."

నాన్న ఫోన్‌ని రెండు చేతులా పట్టుకున్నారు.

"సిగ్గేసి రాలేదండీ" అన్నారు.