ఆయుధపూజ నాటి వీడియో

మా ఆయన జైపాల్ మొయినాబాద్‌లో జిరాక్స్ షాపు మూసేశాక, అక్కడి పాత కంప్యూటర్ చేవెళ్ల దగ్గరి మా ఇంట్లో బియ్యం డ్రమ్ము పక్కన పడి ఉండేది. పాత సామాన్లవాడికి వేసేద్దామన్నాడు ఆయన. నేను ససేమిరా అన్నాను. మూత విప్పి, దుమ్ము ఊది, ర్యామ్‌ను రబ్బరుతో రుద్ది, పెద్ద హార్డ్‌డిస్క్ బిగించి ఇంటి సర్వర్ చేశాను. గులాబీ తోటలోని కెమెరా చూసిందంతా వైఫై మీదుగా వచ్చి అందులో చేరేది. కరెంటు పోయి వస్తే దానంతటదే లేచి పని మొదలుపెట్టేలా కూడా పెట్టాను. బడాయి అనుకోకపోతే, మా మండలంలో అంత బుద్ధిగల డబ్బా మరొకటి లేదు.

దసరాకు నేను కొండకల్‌లో మా అమ్మగారింటికి పోయి వచ్చాను. ఆ తర్వాత వానలు తెరిపివ్వలేదు, మోటరుతో పని పడలేదు. తీరా వేసిన రోజు చూస్తే తోటంతా డ్రిప్ పైపులు ముక్కలు ముక్కలుగా కోసి ఉన్నాయి.

పక్క పొలం బాల్‌రాజ్ మా తోటలోంచి బాట అడిగాడు. మేం కుదరదన్నప్పటి నుంచి మాతో మాట మానేశాడు. అయినా దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ముందు నోరు లేపింది అతనే. తోట కాపలా ఉండే శంకరయ్యే ఏదో కోపంతో కోశాడని ఊరంతా నమ్మించాడు. శంకరయ్య మా మామగారి కాలం నుంచి మా దగ్గరే ఉన్నాడు. పెద్దమనుషులు, వాళ్లతో బాల్‌రాజ్ మా వాకిట్లో కూర్చుని శంకరయ్యను ఠాణాకు పంపాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. ఆయన తల వంచుకుని గోడ వారన కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"జర ఆగుండ్రి. ఎవరు కోసిన్రో నా సర్వర్ల ఉన్నది. ఇప్పుడే సూపిస్త," అన్నాను.

లోపలికి పోయి తెర ముందు కూర్చున్నాను. మా అత్తమ్మ సాలమ్మ నా వెనకే వచ్చింది. ఒక్కో రోజూ వెనక్కి జరుపుతూ పోయాను. దసరా పొద్దున పైపులు గీత గీసినట్టు ఉన్నాయి. ఆ వెంటనే మర్నాటి పొద్దు, పైపులు ముక్కలు. మధ్యలో ఏమీ లేదు. మళ్లీ వెతికాను.  ఆ రోజు వీడియో లేదని అత్తమ్మకు మెల్లగా చెప్పాను.

ఆమె డబ్బా మీద చెయ్యి వేసింది.

"ఆ దినం నేనే ప్లగ్గు తీసిన. ట్రాక్టరుకు బొట్టు పెట్టిన, స్ప్రేయరుకు పెట్టిన, దీనికి పెట్టకుంటె ఎట్ల? పూజ నాడు పనిముట్లతోని పని చేపియ్యొద్దు గద బిడ్డా."

మర్నాడు ఆమె ప్లగ్గు పెట్టగానే అది బుద్ధిగా లేచి కూర్చుంది, నాకు అనుమానమే రాలేదు. నా తెలివే నన్ను ముంచింది. అత్తమ్మ మీద అరవబోయాను. కానీ ఆమె నన్ను చూడటం లేదు, గుమ్మంలోంచి శంకరయ్యను చూస్తోంది. ఇప్పుడాయన్ని తీసుకుపోతారా అని అడిగింది. 

ఆమె కొంగు సర్దుకుని వాకిట్లోకి నడిచింది. పక్కింటివాళ్లకు మర్యాదకైనా అబద్ధం చెప్పని మనిషి.

"సూసిన, బాల్‌రాజ్," అంది నెమ్మదిగా. "నలుగురి ముందల ఏపియ్యమంటవా, నువ్వే చెప్తవా?"

 అతను వీడియో వేయమంటే మా పని అయిపోయినట్టే, శంకరయ్య పని కూడా. బాల్‌రాజ్ గుమ్మం వైపు చూశాడు, పెద్దమనుషుల వైపు చూశాడు. 

"పండుగ పూట గుడ ఆ కెమెరా సూస్తదనుకోలే, చిన్నమ్మా."

పండుగ అన్న మాట అంతవరకు ఆ వాకిట్లో ఎవరి నోటా రాలేదు. శంకరయ్య తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అత్తమ్మ ఆయన పక్కనే గోడకు ఆనుకుని కూలబడింది. నేను మాత్రం పరుగున లోపలికి పోయి, ఎవరూ చూస్తామనకముందే తెర ఆర్పేశాను.