భద్రంగారి కారు

తాడేపల్లిగూడెం భద్రంగారు తన చిన్న టర్బో డీజిల్ కారును ఏలూరు షఫీకి అమ్ముతూ ఒక్కటే చెప్పారు: "ఆపే ముందు ఓ నిమిషం ఇంజన్ని అలా తిరగనివ్వండి. టర్బో చల్లబడాలి." షఫీ ఆ మాట ఏనాడూ తప్పలేదు. కాకపోతే కుర్రతనం కొద్దీ పాత సైలెన్సర్ పీకించి, వీధంతా దద్దరిల్లే గొట్టం బిగించాడు.

వానాకాలం వెళ్లాక భద్రంగారు పోయారని తెలిసి పరామర్శకు వెళ్లాడు. ఇంటిముందు కారు ఆగింది గానీ ఇంజన్ ఆగలేదు. టర్బో చల్లబడాలి కదా. షామియానా కింద కూర్చున్నవాళ్లంతా మాటలాపి అటే చూశారు. ఒక్క నిమిషం అంత పొడుగుంటుందని షఫీకి అప్పుడే తెలిసింది.

పదోరోజు ఇంకా కాలేదు గనక ఆయన భార్య వీరరాఘవమ్మగారు గది దాటి రావడం లేదు. షఫీ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎవడో గానీ బాబూ, చావింటి ముందు ఆ మోతేవిటో," అందావిడ. "మా కారైతే గేటులోకొచ్చినా నాకు తెలిసేది కాదు. దాన్లోనే వచ్చావా?"

"లేదండీ, బస్సులో వచ్చానండీ."

సెలవు తీసుకుని బయటకొచ్చాక తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. గేరు తీసేసి, ఒక్కడే కారు తొయ్యడం మొదలుపెట్టాడు. షామియానా కింది ముసలాయనొకరు లేచొచ్చి చెయ్యేశారు.

"స్టార్టింగ్ ట్రబులాండీ?"

"అవునండీ."

"అదేవిటండీ! మా భద్రం చేతిలో ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ మొరాయించలేదండీ ఈ బండి."