డాక్టర్ రాయని జబ్బు

ఆఫీసులో అందరూ ఆమెను డిక్షనరీ అంటారు. ఆసుపత్రుల నుంచి వచ్చే రోగుల రిపోర్టులు చదివి, బీమా బిల్లుల కోసం ఏ జబ్బుకు ఏ కోడో చూసి వేయడం ఆమె పని. కోడ్లన్నీ కంఠతా. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్లద్దాలే, అయినా పనిలో తప్పు దొర్లదు.

సోమవారం మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద నల్లటి నూలుపోగులు ఈదడం మొదలుపెట్టాయి. తెర తుడిచింది, అద్దాలు తుడిచింది. అవి పోతేనా! కుడికన్ను మూసి చూసింది. ఎడమకన్ను నిండా పొగ, అంచున ఎర్రటి మరక. కంటి లోపల రక్తస్రావం, ఎడమకన్ను, కోడ్ హెచ్ 43.12. అలాంటి రిపోర్టులు ఎన్ని చూసిందో లెక్కే లేదు.

అంత తెలిసిన మనిషి ఏం చెయ్యాలి? ఉన్నపళంగా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ మహాతల్లి కదిలితేగా! వాళ్ల పనిలో ఒక నియమం ఉంది. డాక్టర్ రాయని జబ్బుకు కోడ్ వేయకూడదు. 'అనుమానం' అని రాసినా సరే, వేయకూడదు. భయంతో వణికిపోతూ ఆ నియమాన్నే పట్టుకు వేలాడింది. డాక్టర్ దగ్గరికి వెళితేనే కదా రాసేది! వెళ్లకపోతే జబ్బే లేదు.

ఇంట్లో ఉండేది ఆమె, అక్క. ఇద్దరికీ ఆధారం ఆమె ఉద్యోగమే.

"ఏంటే, గుమ్మానికి అలా గుద్దుకున్నావ్?" అంది అక్క మంగళవారం.

"నిద్ర చాల్లేదులే."

బుధవారం చూపులో కింది నుంచి నల్లటి తెర లేచింది. ఆ రాత్రి కన్ను మూస్తే తెల్లారేసరికి ఏమవుతుందోనని పడుకోలేదు. గురువారం పొద్దున టీ కప్పులో కాక బల్ల మీద పోసింది. అక్కకు విషయం అర్థమైపోయింది.

"నోరు మూసుకుని చెప్పులేసుకో."

కంటి డాక్టరు చుక్కలు వేసి, స్కాన్ తీశాడు.

"ఎన్నాళ్లైంది?"

"మూడు రోజులు."

"మొదటిరోజే వచ్చుంటే కంటి వెనకుండే రెటీనా పొరలో చిన్న చిరుగుతో పోయేది, లేజర్‌తో సరిచేసేవాణ్ణి. ఇప్పుడు ఆ పొరే ఊడిపోయింది. ఇవాళే ఆపరేషన్ చెయ్యాలి. చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేనమ్మా."

"భయమేసింది డాక్టరుగారూ," అంది. "మీరు చెబితే నిజమైపోతుందని భయమేసింది." పక్కన అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు ఆమె కుడికన్నుకు అట్ట అడ్డం పెట్టాడు. "ఇప్పుడు వేళ్లు చూపిస్తాను. ఎన్నో చెప్పు."

ఆమె కళ్లముందంతా చీకటి. తడబడితే కన్ను పోయినట్టు రాసేస్తాడేమోనని భయపడింది. ఆలస్యం చేయకూడదనుకుంది.

"రెండు," అంది గబుక్కున.

"నేనింకా చెయ్యి ఎత్తలేదమ్మా," అన్నాడు డాక్టరు.